లక్ష కి.మీ. దాటిన సియాజ్ డీజిలా, ఎనభై వేలు తిరిగిన హోండా సిటీ సీవీటీనా?

కొత్తబేరం (హైదరాబాద్)
రిపేర్లతో కలిపి బడ్జెట్ 5 లక్షలు. చూసినవి రెండు: 2015 హోండా సిటీ పెట్రోల్ సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్), 82,000 కి.మీ.; 2016 మారుతి సియాజ్ డీజిల్ మాన్యువల్, 1,18,000 కి.మీ. వాడకం నెలకు వెయ్యి కి.మీ., సగం ఊళ్లో ట్రాఫిక్, సగం విజయవాడ హైవే. సీవీటీ పోతే బండిని తూకానికి అమ్ముకోవాలని ఒకరు, లక్ష దాటిన డీజిల్ జోలికి పోవద్దని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

డీజిల్‌పక్షం
సియాజే తీసుకోండి. లీటరు పెట్రోలు 107, డీజిలు 96 వేసుకోండి. సిటీ సీవీటీ లీటరుకు 13 కి.మీ. ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు 8,200 పైన. సియాజ్ 20 ఇస్తే 4,800. నెలకు 3,400 మిగులు, ఏడాదికి 41 వేలు. పైగా సియాజ్‌లోని ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, బ్రెజాల్లోనూ ఉంది కాబట్టి విజయవాడ ఆటోనగర్లో దొరకని పార్టంటూ ఉండదు. సీవీటీ ఓవరాలింగ్ చేసేవాళ్లు రాష్ట్రం మొత్తం మీద ఎంతమందున్నారో వెతికి చూడండి.

ఆయిల్‌మరక
ఆ 41 వేలు ఎక్కడికి పోతాయో కూడా రాయాలి కదా అన్నా. లక్ష దాటిన 1.3 డీజిల్లో వరసగా వచ్చే ఖర్చులు ఇవి, బయట షెడ్డు రేట్లలో సుమారుగా: లేబరుతో కలిపి క్లచ్ సెట్టు 12–16 వేలు, టైమింగ్ చైన్ కిట్ 12–18 వేలు, టర్బో రీకండిషన్ 15–25 వేలు, ఇంజెక్టరు రీకండిషన్ ఒక్కోటి 6–8 వేలు. అన్నీ ఒకేసారి రావు, నిజమే. రెండు వచ్చినా ఏడాది మిగులు ఎగిరిపోయినట్టే.

ఆ ఇంజిన్లో పట్టే ఆయిలే మూడు లీటర్ల చిల్లర. ట్రాఫిక్‌లో ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపేది) నుంచి వచ్చే మసి అంతా ఆ కాస్త ఆయిల్లోనే చేరుతుంది. 10,000 దగ్గర మార్చాల్సింది 15,000 దాకా లాగిన బండ్లలో ముందు టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్, తర్వాత టర్బో దెబ్బతింటాయి. సెకండ్ హ్యాండ్‌లో ఆ లాగుడు మీకు కనపడదు.

డీజిల్‌పక్షం
కనపడుతుంది, చూడటం తెలియాలి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున మీ ముందే స్టార్ట్ చేయించండి. మొదటి రెండు మూడు సెకన్లు ముందువైపు గలగలమంటే చైన్ వదులైనట్టు. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి అరచెయ్యి దగ్గర పెట్టండి. పొగ ఆగకుండా బుసబుసమని కొడితే రింగులు అరిగాయి, ఆ బండి వదిలేయండి.

ఇంజెక్టర్లకి బ్యాక్‌లీక్ టెస్ట్: రిటర్న్ పైపులు తీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. మూడింట్లో సమంగా ఉండి ఒకదాంట్లో రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టరు పోయినట్టే. డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే ఏ షాపులోనైనా అరగంట పని.

సీవీటీ_స్టీల్‌బెల్ట్
అసలు భయం సీవీటీ మీద కాబట్టి అది తేలుద్దాం. ఈ భయం చాలావరకు పాత సిటీ జెడ్‌ఎక్స్ రోజులది. 2008కి ముందు వచ్చిన ఆ బండి సీవీటీలో స్టార్ట్ క్లచ్ ఉండేది, అది అరిగితే బయల్దేరేటప్పుడు బండి దడదడలాడేది. 2014 జనవరిలో వచ్చిన సిటీలో దాని బదులు టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా ఇంజిన్ తిప్పుడుని గేర్‌బాక్స్‌కి అందించేది) పెట్టారు. పాత జబ్బు దీనికి అంటగట్టొద్దు.

దీని జబ్బు వేరు, ఆయిల్ మార్చకపోవడం. స్టీలు బెల్టు, పుల్లీల మధ్య పట్టంతా ఆ ఆయిల్ మీదే. వాడాల్సింది హోండా సీవీటీ ఆయిల్ హెచ్‌సీఎఫ్-2 ఒక్కటే. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్ (ఏటీఎఫ్) గానీ, హోండా పాత సీవీటీ ఆయిల్ (సీవీటీఎఫ్) గానీ పోస్తే బెల్టు జారుతుంది. ఒకసారి డ్రెయిన్ చేస్తే సుమారు మూడున్నర లీటర్లు వస్తుంది. మిగతాది కన్వర్టర్లో ఉండిపోతుంది, అందుకే రికార్డు లేని బండికి వెయ్యి కిలోమీటర్ల తేడాతో రెండుసార్లు మార్చాలి. ఒక్కోసారి 4–5 వేలు. తర్వాత ప్రతి 40,000కి ఒకసారి.

డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటుంది, దాన్ని గుడ్డతో తుడిచి చూడండి. కాటుకలాంటి మెత్తని బూడిదరంగు ముద్ద మామూలే. గోటికి తగిలే రేకుముక్కలుంటే బేరం మానేయండి.

ఆయిల్‌మరక
అమ్మేవాడు బోల్టు విప్పనిస్తాడా?

సీవీటీ_స్టీల్‌బెల్ట్
చాలామంది ఒప్పుకోరు. అప్పుడు నడిపే తెలుసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు డీ (డ్రైవ్) గేరు వేస్తే సెకనులోపు పట్టాలి. ఇరవై నిమిషాలు తిప్పి బాగా వేడెక్కాక ఫ్లైఓవర్ ఎక్కే చోట 20–40 స్పీడులో యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టండి. వణికితే ఆయిల్ పాడైంది లేదా బెల్టు జారుతోంది. స్పీడుతోపాటు పెరిగే గుయ్‌మనే శబ్దం వస్తే బేరింగ్. అది ఆయిల్‌తో పోదు, యూనిట్ విప్పాల్సిందే: రీకండిషన్ లక్ష దగ్గర, కొత్త యూనిట్ అయితే బండి రేటులో సగం దాటుతుంది. ఈ ఒక్క చోట డీజిల్‌పక్షం గారి భయం నిజం.

డీలో ఆగినప్పుడు స్టీరింగ్ అదిరితే గేర్‌బాక్స్ అనుకుని బెదరకండి, చాలాసార్లు ఇంజిన్ మౌంటింగులే. 8–12 వేలు.

స్పానర్‌సెట్టు
గేర్‌బాక్స్ గొడవలో అందరూ మరిచిపోయేది ఏసీ. సిటీలో కూలింగ్ కాయిల్ లీకు మామూలు జబ్బు. గ్యాస్ నింపితే రెండు నెలలు చల్లగా ఉండి మళ్లీ మొదటికి వస్తుంది. డాష్‌బోర్డు విప్పాలి, 12–18 వేలు. సర్వీసు రికార్డులో గ్యాస్ ఫిల్లింగ్ రెండుసార్లు కనపడితే ఆ మొత్తం బేరంలో కోసేయండి.

ఎల్‌పీజీ లేదా సీఎన్‌జీ కిట్టు పెట్టి తీసేసిన సిటీ కూడా వద్దు. గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరుగుతాయి, గ్యాప్ బిగుసుకుంటుంది. ఈ ఇంజిన్లో వాల్వ్ గ్యాప్ స్క్రూతో చేత్తో సెట్ చేయాల్సిందే, దానంతటది సర్దుకోదు. డిక్కీ కార్పెట్ ఎత్తి కొత్తగా పూడ్చిన బోల్టు రంధ్రాలున్నాయేమో చూడండి.

కొత్తబేరం
సియాజ్ ఢిల్లీ రిజిస్ట్రేషన్. అందుకే ఇక్కడి రేటు కంటే 60 వేలు తక్కువ చెప్తున్నాడు.

స్పానర్‌సెట్టు
ఆ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది బాబూ! అక్కడ పదేళ్లు నిండిన డీజిళ్ల మీద నిషేధం పెట్టారు, అందుకే దక్షిణాదికి తోలేస్తూ వచ్చారు. ఇక్కడ నడపడానికి ఎన్‌ఓసీ (అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం), రీరిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ టాక్స్ అన్నీ మీ నెత్తిన. టాక్స్ ఎంతో ఆర్‌టీఏ లెక్క కట్టించుకుని, ఎన్‌ఓసీ ఒరిజినల్ చేతికొచ్చాకే అడ్వాన్సు. ఆ 60 వేలలో చాలావరకు అక్కడే పోవచ్చు.

డీజిల్‌పక్షం
ఢిల్లీ బండి అయితే నా ఓటు వెనక్కి. ఇక్కడి రిజిస్ట్రేషన్ సియాజ్ దొరికితే మాత్రం నా లెక్క నాదే.

ఆయిల్‌మరక
నెలకి వెయ్యి, అందులో సగం ట్రాఫిక్ అంటే నాది సిటీకే ఓటు. రెండుసార్ల సీవీటీ ఆయిల్, మౌంటింగులు, ఏసీ కాయిల్ కలిపి 35–40 వేలు పక్కన పెట్టుకుని బండికి 4.6 లక్షలు దాటకండి.

కొత్తబేరం
ఆదివారం సిటీ చూడ్డానికి వెళ్తున్నా. పొద్దున ఏడింటికి బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే స్టార్ట్ చేయిస్తా. డ్రెయిన్ బోల్టు కూడా అడిగి చూస్తా.