ఉపాధ్యక్షుడు విలియం రూఫస్ కింగ్: పదవిలో 45 రోజులా, 25 రోజులా?

ప్రశ్న: అమెరికా 13వ ఉపాధ్యక్షుడు విలియం రూఫస్ డివేన్ కింగ్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నానండి. పదవిలో ఉన్నది ఒకచోట 45 రోజులని, ఇంకోచోట 25 అని ఉంది. పోయింది క్యూబాలోనా, అలబామాలోనా? పదవుల పేర్లు తెలుగు చేయడం దగ్గర కూడా తికమకగా ఉంది.

జవాబు: లెక్క మొదలుపెట్టే తేదీలోనే తేడా అండి. అప్పట్లో పదవీకాలం మార్చి 4న మొదలయ్యేది. 1853 మార్చి 4 నుంచి ఏప్రిల్ 18 వరకు 45 రోజులు. ప్రమాణం చేసింది మార్చి 24న, అక్కణ్ణుంచి లెక్కిస్తే 25. పట్టికలో 45 వేసి, ప్రమాణం తేదీ వ్యాసంలో విడిగా ఇవ్వండి.

క్షయ ముదిరి, వెచ్చటి గాలి కోసం ఆయన క్యూబా వెళ్లాడు. మార్చి 4కి వాషింగ్టన్ రాలేని స్థితి. అందుకని పరాయి గడ్డ మీదే ప్రమాణం చేయించేందుకు కాంగ్రెస్ మార్చి 2న ప్రత్యేకంగా చట్టం చేసింది. మతాంజాస్ దగ్గరి ఒక చెరకు ఎస్టేటులో అమెరికా కాన్సల్ విలియం షార్కీ ప్రమాణం చేయించాడు. తనంతట తాను నిలబడే ఓపిక కూడా అప్పటికి కింగ్‌కు లేదు. ఏప్రిల్ 17న అలబామాలో ఇల్లు చేరి, మర్నాడే కన్నుమూశాడు. కాబట్టి క్యూబాలో చనిపోయాడని రాయకండి. ఉపాధ్యక్షుడి హోదాలో సెనేట్‌కు ఒక్కరోజు కూడా అధ్యక్షత వహించలేదన్నది తప్పక రాయండి.

మరో జవాబు: అనువాదంలో మూడుచోట్ల జాగ్రత్త. 1844–46లో ఆయన ఫ్రాన్స్‌లో ‘మినిస్టర్’. దాన్ని ‘మంత్రి’ అంటే అర్థమే మారిపోతుంది. అప్పట్లో అమెరికా దౌత్యవేత్తల్లో పెద్ద హోదా అదే, కాబట్టి ‘రాయబారి’ అనండి. టెక్సస్‌ను అమెరికా కలుపుకుంటుంటే ఫ్రాన్స్ అడ్డుపడకుండా చూడటం అక్కడ ఆయన పని. రెండోది, ‘ప్రెసిడెంట్ ప్రొ టెంపోర్’, అంటే ఉపాధ్యక్షుడు లేనప్పుడు సెనేట్‌కు అధ్యక్షత వహించేవాడు. ‘తాత్కాలిక అధ్యక్షుడు’ అంటే దేశాధ్యక్షుడనుకుంటారు. ‘సెనేట్ తాత్కాలిక సభాధ్యక్షుడు’ అంటే సరిపోతుంది. మూడోది ‘ప్లాంటేషన్’. ‘తోట’ అనగానే మనకు మామిడితోట మెదులుతుంది. బానిసల చేత కింగ్ పత్తి పండించిన ఎస్టేటు అని విడమరచి రాయండి. ఆ మాట మింగేస్తే ఆయన జీవితం సగమే చెప్పినట్టు.

ప్రశ్న: 1787లో రాజ్యాంగం మీద సంతకం చేసిన కింగ్ ఈయనేనా?

జవాబు: కాదు. ఆయన న్యూయార్క్ సెనేటర్ రూఫస్ కింగ్, 1827లో పోయాడు. మన కింగ్ 1786లో నార్త్ కరొలైనాలో పుట్టాడు, రాజ్యాంగం నాటికి ఏడాది పసివాడు. ఇద్దరూ 1820 నుంచి 1825 దాకా ఒకే సెనేట్‌లో ఉన్నారు కనుక పాత పత్రికల్లో ఒట్టి ‘కింగ్’ అని కనిపిస్తే రాష్ట్రం పేరు చూసుకోవాలి. ఈయన ముందు నార్త్ కరొలైనా నుంచి ప్రతినిధుల సభలో ఉండి, 1818లో అలబామా చేరాడు. సెల్మా పట్టణానికి ఆ పేరు పెట్టింది ఈయనే.

ప్రశ్న: ఆయన పోయాక ఆ పదవిలోకి ఎవరొచ్చారు?

జవాబు: ఎవరూ రాలేదండి. ఖాళీ అయిన ఉపాధ్యక్ష పదవిని మధ్యలో నింపే పద్ధతి 1967 నాటి 25వ సవరణతోనే వచ్చింది. 1857 మార్చి 4 దాకా ఆ కుర్చీ ఖాళీ. కింగ్ పోయేనాటికి వారసత్వ వరుసలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ తర్వాత సెనేట్ తాత్కాలిక సభాధ్యక్షుడు డేవిడ్ అట్చిసన్ ఉన్నాడు. అంతమాత్రాన అట్చిసన్‌ను ఉపాధ్యక్షుల జాబితాలో చేర్చకండి.

మరో జవాబు: సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండే తెలుగువాళ్ల కోసం ఒక వాక్యం చేర్చండి. వాళ్లుంటున్న కింగ్ కౌంటీకి 1852 డిసెంబరులో ఈ కింగ్ పేరే పెట్టారు. అప్పటికి అది ఇంకా రాష్ట్రం కాని ఆరెగాన్ టెరిటరీలో ఉంది, కాబట్టి ‘వాషింగ్టన్ రాష్ట్రం పెట్టింది’ అనొద్దు. అదే పేరు ఇకపై మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌దని 1986లో కౌంటీ కౌన్సిల్ తీర్మానించింది, 2005లో రాష్ట్రం చట్టం చేసింది. ఏ ఏడాది సంగతి రాస్తున్నారో దాన్నిబట్టి ఏ కింగో తేల్చండి.