మూడు సైకిళ్లకు ఒకటే పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో చూపేది): కాల్గరీలో ఏది కొనమంటారు?

అందరికీ నమస్తే. మార్చిలో హైదరాబాద్ నుంచి కాల్గరీ వచ్చాను. ఒక రోడ్ బైక్, మట్టిదారులకి ఒక గ్రావెల్ బైక్ ఉన్నాయి. చలికాలానికని పాత సైకిల్ ఒకటి కొని బేస్‌మెంట్‌లో స్మార్ట్ ట్రైనర్‌కి (ఇంట్లోనే ఉన్నచోట తొక్కే యంత్రానికి) తగిలించాను. మూడింటికీ మూడు మీటర్లు కొనే స్తోమత లేదు. ఎడమ క్రాంక్‌కి (పెడల్ బిగించే చేతికి) అమర్చిన మీటరు, ఫోర్ ఐస్ వాళ్లది, చవగ్గా వస్తోంది, తీసేసుకోనా?

---

తమ్ముడూ, ఆగు. ఫోర్ ఐస్ వాళ్లది పక్కనే కాక్రన్‌లో తయారయ్యే సరుకు, మంచిదే. కానీ ఒక్క సైకిలే ఉన్నవాళ్లకి అది. ఎడమ క్రాంక్ మార్చాలంటే మూడు సైకిళ్లకూ ఒకే రకం క్రాంక్ ఉండాలి. పైగా ఎడమకాలి లెక్కనే రెండింతలు చేసి చూపిస్తుంది. నీ ఎడమకాలు 48 శాతమే తొక్కుతుంటే, అసలు 200 వాట్లయితే 192 అంటుంది.

నీకు పెడళ్లలోనే ఉండే మీటరే దారి. విప్పి బిగించడం ఐదు నిమిషాల పని. ముందు బూట్ల కింద చూసుకో. గ్రావెల్‌కి ఎస్పీడీ క్లీట్లు (బూటుని పెడల్‌కి పట్టించే రెండు బోల్టుల బిళ్లలు), రోడ్‌కి మూడు బోల్టుల లుక్ కియో రకం వాడుతుంటే ఒకే పెడల్ రెండు బూట్లకీ కుదరదు. నేనైతే మూడింటికీ ఎస్పీడీనే పెట్టి, ఫవెరో అసియోమా ప్రో ఎంఎక్స్ గానీ, గార్మిన్ ర్యాలీ ఎస్పీడీ రకం గానీ తీసుకుంటా. రోడ్ మీద ఎస్పీడీ ఏంటని నవ్వేవాళ్లుంటారు, నవ్వనీ.

ఇక నా నిర్వాకం విను. రోడ్ బైక్ క్రాంక్ 172.5 ఎంఎం, ట్రైనర్ మీదున్నది 165. పెడళ్లు మార్చాను, యాప్‌లో ఆ అంకె మార్చడం మర్చిపోయాను. మీటరు బలాన్ని క్రాంక్ పొడవుతో గుణిస్తుంది కదా, 200 వాట్లు తొక్కితే 209 కనిపించింది. చలికాలమంతా కాళ్లకి బలమొచ్చిందని మురిసిపోయాను. జూన్‌లో హైవుడ్ పాస్ కొండదారి గేటు తెరవకముందు, కార్లు లేనప్పుడు ఎక్కడానికి వెళ్తే ఆ బలమంతా ఆవిరైపోయింది!

ఇంకోటి. వెచ్చటి ఇంట్లోంచి సైకిల్ బయటికి తీయగానే మీటరుని జీరో చేయకు (సున్నాకి సరిచేయకు). పది నిమిషాలు చలికి అలవాటు పడనిచ్చి అప్పుడు చెయ్యి.

---

అన్న చెప్పిందానికి నాదొక చిన్న పేచీ. ట్రైనర్‌కి తన మీటరు ఉండనే ఉంది, పెడల్స్ ఎందుకు దింపడం? బయటి రెండు సైకిళ్లకే వాడుకుంటే సరిపోతుంది.

---

సరిపోతుంది గానీ రెండు అంకెలూ కలవవండీ. చెయిన్‌లో కొంత పోతుంది కాబట్టి ట్రైనర్ సాధారణంగా తక్కువ చూపిస్తుంది. ఇంట్లో ట్రైనర్ చూపిన అంకెతో బయట తొక్కితే మళ్లీ లెక్క తప్పుతుంది. ట్రైనర్ యాప్‌లో పవర్ పెడల్స్ నుంచే తీసుకోమని పెట్టుకోవచ్చు.

---

చాలా థ్యాంక్సన్నా. క్రాంక్ లోపలి వైపు చూశాను: 172.5, 170, 170. కాగితం మీద రాసి ఒక్కో సైకిల్‌కీ అంటించాను. కానీ పాత సైకిల్ ఎడమ పెడల్ ఊడి రావట్లేదు. ఎంత తిప్పితే అంత బిగుస్తోంది.

---

ఎడమది ఎదురు మర రా! రెంచ్ పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగు. రెండు పక్కలా అదే లెక్క. బిగించేటప్పుడు ముందు చక్రం వైపు. మరలకి కాస్త గ్రీజు పుయ్యి. అప్పటికీ రాకపోతే శనివారం పొడుగు రెంచ్ పట్టుకొస్తా, టీ పెట్టి ఉంచు.