ఐపీ అడ్రస్‌కి 32 బిట్లే ఎందుకు పెట్టారు? ముందుచూపు లేకనేగా?

సీసీటీవీ_సుబ్బు: 32 బిట్లంటే 429 కోట్ల అడ్రస్‌లు, 2011 ఫిబ్రవరికే ప్రపంచానికి వాటిని పంచే ఐయానా దగ్గర స్టాక్ ఖాళీ. 1977లో 128 బిట్ల మాట కూడా వచ్చింది, ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకడైన వింట్ సెర్ఫ్ 32 చాలని తేల్చేశాడు. ఇప్పుడు మనం అనుభవిస్తున్నాం.

ప్యాకెట్_పంతులు: అప్పుడది అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో చేస్తున్న ప్రయోగం సుబ్బు గారూ. ప్రతి డేటా ప్యాకెట్ ముందుండే ఐపీ హెడర్ 20 బైట్లు (బైట్ అంటే 8 బిట్లు), అందులో అడ్రస్‌లు రెండూ కలిపి 8. 128 బిట్లయితే అడ్రస్‌లకే 32, హెడర్ 44 అయ్యేది. ఇంటర్నెట్ కంటే ముందున్న ఆర్పానెట్ లైన్లేమో సెకనుకి 50 కిలోబిట్లు, టెర్మినల్లో ఒక్క అక్షరం కొట్టినా దాంతోపాటు ఈ బరువంతా పోవాలి, ఎవడు ఒప్పుకుంటాడు?

సీసీటీవీ_సుబ్బు: పోనీ కావలసినంత పెంచుకునేలా పెట్టొచ్చుగా?

ప్యాకెట్_పంతులు: అదీ అడిగారు. కోడ్ రాసేవాళ్ళే వద్దన్నారు, ఏ ఫీల్డ్ ఎక్కడుందో వెతకడానికే ప్రాసెసర్ టైమ్ పోతుందని.

రాత్రి_షిఫ్ట్: పాప్‌కార్న్ తెచ్చుకున్నా 🍿

హెక్సా_హరి: మొదట్లో 8 బిట్లు నెట్‌వర్క్‌కి, 24 లోపలి మెషిన్లకి. అంటే ప్రపంచం మొత్తానికి 256 నెట్‌వర్క్‌లు దాటవనే లెక్క! 1981లో నెట్‌వర్క్ సైజుని బట్టి ఏ, బీ, సీ క్లాసులు పెట్టి సర్దారు. పొడవు కంటే ఆ పంచుడే తేడా.

సీసీటీవీ_సుబ్బు: పంతులు గారూ, ఊళ్ళో మా నాన్న ఒక్కడే ఉంటాడు, ఇంట్లో కెమెరా పెట్టించా. బయట్నుంచి కనెక్ట్ కాదు, మా నెట్ వాడు అందర్నీ సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచడం) వెనక తోసేశాడు, పబ్లిక్ ఐపీ కావాలంటే నెలనెలా ఎక్స్‌ట్రా అంట. మీరేమో 44 బైట్లు అంటారు!

ప్యాకెట్_పంతులు: దానికి 1977 వాళ్ళేం చేస్తారండీ? 128 బిట్ల అడ్రస్‌లుండే ఐపీవీ6 స్పెక్ 1995లోనే వచ్చింది. మీ వాడు ఇవ్వట్లేదు, వాణ్ణి అడగండి.

సీసీటీవీ_సుబ్బు: ఎంఐటీ ఒక్కదానికే 1.67 కోట్ల అడ్రస్‌లు రాసిచ్చారు, 2017లో అందులో కొన్ని అమెజాన్‌కి అమ్ముకున్నారు. ఊరికే వచ్చినవి వాళ్ళు అమ్ముకోవాలి, నేను ఒక్కదానికి అద్దె కట్టాలి. ఇదేం న్యాయం? ముందు నుంచీ నేనంటోంది ఇదే.

ప్యాకెట్_పంతులు: ఎక్కడన్నారు? పైనంతా 128, 128 అనే ఉంది.

హెక్సా_హరి: సుబ్బన్నా, ఇంతకీ ఆ కెమెరాకి ఐపీవీ6 సపోర్ట్ ఉందా?

సీసీటీవీ_సుబ్బు: బాక్స్ మీద ఏం రాయలేదు.