పెరట్లో ప్లాస్టిక్ గడ్డి పరిచి పుటింగ్ గ్రీన్ వేయించడం తప్పా?

పర్లాకిమిడి నాన్న:
అందరికీ నమస్కారం. మాది పాత ఇల్లు. వెనకాల నుయ్యి, ఒక మామిడి చెట్టు, మిగతాదంతా ఖాళీ పెరడు. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పటి నుంచి దానికి గోల్ఫ్ అంటే ప్రాణం. సెలవులకి విశాఖ వెళ్తేనే మైదానం కంటపడుతుంది. మిగతా రోజులు హాల్లో ఎర్ర గచ్చు మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి అందులోకి బంతి దొర్లిస్తుంది. పెరట్లో 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవున కృత్రిమ గడ్డితో పుటింగ్ గ్రీన్, అంటే బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే పొట్టి గడ్డి చోటు, వేయిద్దామని నా ఆలోచన. మా అమ్మ "నేలంతా కప్పేస్తే నూతిలోకి నీళ్ళెలా దిగుతాయిరా?" అని పది రోజులుగా ఒకటే పోరు. పార్ 72 కోర్సులో, అంటే మొత్తం 72 దెబ్బల్లో ముగించాలని లెక్క పెట్టిన మైదానంలో, 18 గుంటలకీ గుంటకి రెండేసి చొప్పున 36 దెబ్బలు పుటింగ్‌కే లెక్కేస్తారు. అంటే సగం ఆట ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు కదా. మీరేమంటారు?

రాయగడ మాస్టారు:
వద్దు బాబూ. మీ అమ్మగారి మాటే సరైనది. గోల్ఫ్ వాళ్ళు బెర్ముడా గ్రాస్ అని గొప్పగా చెప్పుకునేది మన గరికనే. వినాయక చవితికి మనం తెంపుకొచ్చే గరిక, పొలం గట్టున పీకినకొద్దీ వచ్చే గరిక. దాని పొట్టి రకాలతోనే వేడి దేశాల్లో గ్రీన్లు వేస్తారు. ఊరికే దొరికేదాన్ని వదిలేసి పెట్రోలియంతో చేసిన పీచు కొనుక్కోవడం నాకు మింగుడు పడటం లేదు. పదేళ్ళకో పన్నెండేళ్ళకో అది అరిగిపోయాక ఏం చేస్తారు? మన చిన్న ఊళ్ళలో దాన్ని తీసుకునేవాళ్ళు లేరు. చివరికి ఎవరో ఒకరు తగలబెడతారు, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

గుణుపురం సివిల్:
మాస్టారూ, గరిక మాట నిజమే. కానీ గ్రీన్ మీద దాన్ని 3 మిల్లీమీటర్ల ఎత్తుకి కత్తిరించాలి. అందుకు రీల్ మోవర్ అనే, కత్తెరలా కోసే గడ్డి యంత్రం కావాలి, ఎదిగే కాలంలో దాదాపు రోజూ కోయాలి. పైగా మామిడి నీడలో గరిక ఎదగదు. ఉద్యోగం చేసుకునే మనిషికి అది సాగే పని కాదు.

నీళ్ళ సంగతి మాత్రం గడ్డి కంటే అడుగున ఏం వేస్తారన్న దాన్ని బట్టే ఉంటుంది. పై మట్టి నాలుగైదు అంగుళాలు తీసేసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరిచి, మూడు నాలుగు అంగుళాల కంకర పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. దాని మీద పల్చగా క్రషర్ డస్ట్, అంటే రాళ్ళ పొడి. గడ్డి అడుగు పొరలో రంధ్రాలున్న రకమే కొనండి, అప్పుడు నీరు కిందికే ఇంకుతుంది. సిమెంటు చప్టా వేసి దాని మీద అతికిస్తామనే మేస్త్రిని మాత్రం గేటు దగ్గరే ఆపేయండి. నూతికి నీళ్ళు అందకుండా చేసేది ఆ చప్టాయే. వాలు అడుగుకి పావు అంగుళం చాలు. జోరువాన వస్తే మిగిలిన నీళ్ళు పక్కకి పోతాయి, బంతి కూడా కాస్త వంపు తిరుగుతుంది. అమ్మాయికి పనికొచ్చేది ఆ వంపే.

బరంపురం కోడలు:
మేం వేయించి దెబ్బతిన్నాం, అందుకే రాస్తున్నాను. వచ్చినవాళ్ళు ఎర్రమట్టిని పైపైన చదును చేసి గడ్డి పరిచేసి వెళ్ళిపోయారు. మొదటి వానాకాలానికే మధ్యలో పళ్ళెంలా కుంగింది. ఎటు నుంచి కొట్టినా బంతి ఆ పళ్ళెంలోకే పోయేది. అంచు ఎత్తి చూస్తే కింద నాచు, బురద, ఒకటే కంపు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కంకర పనంతా అయ్యేదాకా పక్కనే నిలబడండి అన్నా. పెరడంతా గడ్డి కప్పేయడంతో మా అత్తగారు ఆ ఎండాకాలం వడియాలు డాబా మీదికి మోసుకెళ్ళి పెట్టుకున్నారు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

రాయగడ మాస్టారు:
వేడి గురించి ఎవరూ మాట్లాడరేం? మిట్టమధ్యాహ్నం ఎండలో ప్లాస్టిక్ గడ్డి 60 డిగ్రీలు దాటుతుంది. పచ్చగడ్డి ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతూ చల్లబడుతుంది, ఈ పీచుకి ఆ శక్తి లేదు. నీళ్ళు చల్లినా కాసేపే. 2023లో యూరప్ వాళ్ళు కృత్రిమ మైదానాల్లో పోసే రబ్బరు గుళికల మీద ఆంక్షలు పెట్టారు, ఎనిమిదేళ్ళ గడువిచ్చి. ఊరికే పెట్టరు కదా.

గుణుపురం సివిల్:
ఆ ఆంక్షలు రబ్బరు గుళికలకి మాస్టారూ. పుటింగ్ గ్రీన్‌లో పోసేది సిలికా ఇసుక. ఇసుక ఎంత నింపి బ్రష్ చేస్తే బంతి అంత వేగంగా దొర్లుతుంది. అయినా పీచు అరిగి రేణువులు రాలతాయన్నది నేనూ కాదనను. వేడి మాట మాత్రం మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

పర్లాకిమిడి నాన్న:
మాస్టారి మాట చదివాక నిన్న ఒక పని చేశాను. షాపువాళ్ళిచ్చిన అరచేయంత శాంపిల్ ముక్కని మధ్యాహ్నం ఒంటిగంటకి పెరట్లో పెట్టాను. అరగంట తర్వాత అమ్మ చెప్పు విడిచి బొటనవేలు ఆనించి, వెంటనే వెనక్కి లాక్కుంది. ఏమీ అనలేదు, పక్కనే మట్టి మీద కాలు పెట్టి నిలబడింది. తర్వాత అదే ముక్క మీద చెంబుడు నీళ్ళు పోశాను. రెప్పపాటులో కిందికి దిగిపోయాయి. అప్పుడు మాత్రం "ఊఁ" అంది.

అందుకని కొలత తగ్గిస్తున్నాను. నూతి వైపు, మామిడి మొదలు చుట్టూ తాకం. తూర్పు గోడ పక్కన 6 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు చాలు, సాయంత్రం అక్కడ నీడ. గుంట ఒక్కటే, నాలుగుంపావు అంగుళాల అసలు కొలతకి. చుట్టూ గరికే పెంచుతాను మాస్టారూ, అది మీ మాట మీద. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా వీధిలో చెట్లనీ రేకులనీ ఎలా లేపిందో చూశాను కాబట్టి అంచుల్ని మేకులతో గట్టిగా బిగించమంటాను.

రాయగడ మాస్టారు:
ప్లాస్టిక్ విషయంలో నా మనసు మారలేదు బాబూ. కానీ అమ్మగారు నిలబడటానికి మట్టి మిగిల్చావు, సంతోషం. గరిక నారు నా దగ్గరుంది, దసరాకి ఊరొస్తూ గోనెసంచిలో తెస్తాను.

గుణుపురం సివిల్:
కంకర పోసే రోజు చెప్పండన్నా. ఆదివారం అయితే లెవెల్ పైపు రెండో కొస నేను పట్టుకుంటాను.