ఇంట్లో ఒక్క జీతమే మిగిలింది, సైకిల్ అమ్మేయాలా?

ప్రశ్న: మా ఆయన ఉద్యోగం పోయింది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. చిన్నది ఇంకా రాత్రిళ్లు లేస్తుంది. పిల్లలు లేవకముందు సైకిల్ తొక్కే ఆ కాసేపే నాకు ఊపిరి. ఇప్పుడు చెయిన్ కరకరలాడుతోంది. రిపేరుకి డబ్బు తీయాలంటే చేయి రావడం లేదు. అమ్మేయమంటారా?

జవాబు: వద్దండీ. ముందు చెయిన్ తుడిచి నూనె వేయండి, తర్వాత స్కేలుతో కొలవండి. కొత్త చెయిన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. 1/16 అంగుళం సాగితే మార్చేయండి. ఆలస్యం చేస్తే వెనక పళ్లచక్రాలూ అరిగి ఖర్చు పెరుగుతుంది.

జవాబు: అక్కా, వీలైతే ఆఫీసుకే తొక్కండి. విడిగా టైమ్ తీయక్కర్లేదు, ప్రయాణం ఖర్చూ మిగులుతుంది. నేను అలాగే నెట్టుకొచ్చాను.

ప్రశ్న అడిగినావిడ: కొలిచాను, సాగలేదు! మా ఆయన పొద్దున పిల్లల్ని చూసుకుంటానన్నారు.