“ఏమి ఇస్తున్నారు?”: సోవియట్ క్యూలో ఒక క్రియ

లలిత: అందరికీ నమస్కారం. సోవియట్ కాలపు రష్యన్ కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. దారిన పోతున్న మనిషి దుకాణం ముందు క్యూ చూసి ఆగి, చివర నిలబడినవారిని “ష్తో దయూత్?” అని అడుగుతాడు. మాటకు మాట పెడితే “ఏమి ఇస్తున్నారు?” అని. కానీ అక్కడ ఎవరూ ఊరికే ఇవ్వడం లేదు, రూబుళ్లు లెక్కపెట్టి పుచ్చుకుంటున్నారు. అందుకని “ఏమి అమ్ముతున్నారు?” అని రాశాను. ఇప్పుడు చదువుకుంటే సంతలో బేరానికి వచ్చినవాడు అడిగినట్లుంది. ఏమి చేయమంటారు?

మూర్తి: “అమ్ముతున్నారు” కొట్టేయండి లలిత గారూ. మా చిన్నప్పుడు కంట్రోలు షాపు దగ్గర “పంచదార ఇస్తున్నారా?” అనే అడిగేవాళ్లం. డబ్బు కట్టే తెచ్చుకునేవాళ్లం, అయినా “అమ్ముతున్నారా?” అన్నవాళ్లు లేరు. ధర, కొలత రెండూ కొట్టు ముందున్నవాడి చేతిలో లేవు, వెనకున్నవాడి చేతిలోనూ లేవు. అటువంటి చోట అమ్మడమనే మాట మన నోటికి రాదు.

భాస్కర్: నేను ఎనభైలలో మాస్కోలో చదువుకున్నాను. మూర్తి గారి మాట అక్కడికి అచ్చంగా సరిపోతుంది. ఏ వస్తువు ఎంత తయారుకావాలో ప్రభుత్వ ప్రణాళికా సంఘం గోస్‌ప్లాన్ లెక్కగట్టేది, ధర మరొక ప్రభుత్వ సంఘం నిర్ణయించేది. చాలా వస్తువుల మీద ధర అచ్చుపోసే వచ్చేది. సరుకు తక్కువగా ఉంటే “ఒక చేతికి రెండు” అని నియమం పెట్టేవారు. అదే ఊళ్లో రైతులు తమ కూరగాయలు తెచ్చుకుని కూర్చునే బజారుకు వెళితే ప్రశ్న మారిపోయేది. అక్కడ “పచోమ్?” అనాలి, అంటే “ఎంతకిస్తావు?” అని.

సుజాత: చూశారా, తెలుగు చేసేసరికి బజారులోనూ “ఇస్తావు” వచ్చింది! కనుక తేడా ఇవ్వడంలో లేదు, కర్తలో ఉంది. “ఎంతకిస్తావు?” అన్నప్పుడు ఎదురుగా మనిషి ఉన్నాడు, అతనితో గీచి గీచి బేరమాడవచ్చు. “ఇస్తున్నారు”లో ఎవరూ లేరు. “కరెంటు తీశారు” వంటిదే ఇదీ. ఎవరు తీశారంటే ఏమి చెబుతాము? రష్యన్ “దయూత్” కూడా కర్త లేని బహువచనమే.

భాస్కర్: ఆ కర్తను వెతుక్కుంటూ పోతే పార్టీ దగ్గర తేలుతాము. 1977 సోవియట్ రాజ్యాంగంలోని 6వ అధికరణం కమ్యూనిస్టు పార్టీని సమాజాన్ని నడిపించే శక్తిగా ప్రకటించింది. దాన్ని సవరించింది 1990 మార్చిలో. కర్మాగారం డైరెక్టరు మొదలు పత్రికా సంపాదకుడి దాకా ముఖ్యమైన పదవులకు పార్టీ కమిటీ ఆమోదం కావలసిందే. ఆ పదవుల జాబితాను నొమెన్‌క్లతూరా అనేవారు. పోను పోను ఆ పదవుల్లోని మనుషులకే ఆ పేరు స్థిరపడింది. వారిలో పైస్థాయివారికి బయటివారిని రానివ్వని దుకాణాలు విడిగా ఉండేవి. “ష్తో దయూత్?” అని వీధిలో అడగవలసిన అవసరం వారికి రాలేదు. మీ కథలో ఆ ప్రశ్న అడిగాడంటేనే అతను ఎవరు కాడో తెలిసిపోతుంది.

మూర్తి: ధర పెంచితే క్యూ తగ్గేది కదా?

భాస్కర్: పెంచి చూశారు. 1962 జూన్‌లో మాంసం, వెన్న ధరలు పెంచగానే దక్షిణ రష్యాలోని నొవొచెర్కాస్క్ నగరంలో కార్మికులు సమ్మెకు దిగారు. సైన్యం కాల్పులు జరిపింది, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి దశాబ్దాల పాటు బయటికి పొక్కనివ్వలేదు. ఆ తరువాత దుకాణాల్లో మాంసం ధర ముట్టుకోవడానికి 1991 దాకా ధైర్యం చేయలేదు. ధర అక్కడే ఉండిపోయింది, క్యూ పెరిగింది.

వేణు: నాదొక అభ్యంతరం. ఇప్పటి పాఠకుడికి “ఇస్తున్నారు” అంటే పథకం, ఉచితం. 2023 నుంచి రేషను బియ్యానికి కేంద్రం డబ్బు తీసుకోవడమే లేదు. మూర్తి గారి పంచదార నాటి అర్థం ఇరవై ఏళ్లవారికి ఎలా తడుతుంది?

లలిత: తరువాతి వాక్యంలోనే అతను జేబులో చిల్లర తడుముకుంటాడు వేణు గారూ, అది చాలుననుకుంటాను. ఇంకో రెండు క్రియలున్నాయి. కొత్త బూట్లను “కొన్నాను” అనకుండా “దస్తాల్” అంటాడు. సరుకు అమ్మకానికి పెట్టడాన్ని “విబ్రొసిలి”, అంటే “బయటికి విసిరారు” అంటాడు.

సుజాత: మొదటిదానికి “సంపాదించాను”. రిజర్వేషను దొరకని రోజుల్లో రైలు టిక్కెట్టును అలాగే “సంపాదించేవాళ్లం”. రెండోదానికి “వదిలారు”. నీళ్లు వదిలినట్లు, కోటా వదిలినట్లు.

లలిత: రెండూ తీసుకున్నాను. ఇదిగో సంభాషణ: “కామ్రేడ్, ఏమి ఇస్తున్నారు?” “ఇంకా తెలియదు. మీరు నా వెనక.”

భాస్కర్: “కామ్రేడ్” తీసేయండి. సభల్లో, కాగితాల్లో ఉండే మాట అది. క్యూలో పక్కవారిని అలా పిలవగా నేను వినలేదు. కౌంటరు వెనకున్నావిడకు యాభై ఏళ్లున్నా “దేవుష్కా”, అంటే “అమ్మాయీ”. క్యూలో ముసలావిడ అయితే “బాబుష్కా”. మీ కథలో చివర నిలబడింది ఎవరు?

లలిత: ముసలావిడే. “మామ్మా, ఏమి ఇస్తున్నారు?” అని మార్చాను.