మైపాడు బీచ్‌లో వ్యాన్‌లో రెండ్రోజులు: కరెంటు, నీళ్లు చాలుతాయా?

ప్రశ్న: ముగ్గురం. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, 200 వాట్ల సోలార్ ప్యానెల్, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు. చిన్న ఫ్రిజ్, ఫ్యాను నడవాలన్నా.

జవాబు: బ్యాటరీలో 1800 వాట్-అవర్లున్నా సగమే వాడుకో తమ్ముడూ. అంతకన్నా దించితే లోపలి ప్లేట్లకి సల్ఫేట్ పట్టి బ్యాటరీ దెబ్బతింటది. డీసీ కంప్రెసర్ ఫ్రిజ్ (బ్యాటరీ మీద నేరుగా నడిచేది) ఎండల్లో రోజుకి 500 వాట్-అవర్ల దాకా లాగుద్ది, 25 వాట్ల ఫ్యాను పది గంటలకి 250. మంచి ఎండ కాస్తే ప్యానెల్ 800 దాకా ఇస్తది, బొటాబొటీ. ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద పెట్టబాకు, లోడు లేకపోయినా అది కరెంటు తింటానే ఉంటది.

మరో జవాబు: నీళ్లే తక్కువ. మనిషికి రోజుకి 15 లీటర్లు, అంటే ముగ్గురికి రెండ్రోజులకి 90. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు వేసుకో. సముద్రపు నీళ్లతో గిన్నెలు కడిగినా, ఆఖర్న మగ్గు మంచినీళ్లు పోయాల.

ఇంకొకరు: ఛార్జింగప్పుడు ట్యూబులర్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుద్ది, అది మండే గ్యాసు. పక్కన స్టవ్ వెలిగించబాకు!